బియ్యం, బూజు, గుండె

గుంటూరు నగరంలో నందివెలుగు రోడ్డు తెలియనివారు అరుదు. ఆ దారికి పేరిచ్చిన నందివెలుగు తెనాలి మండలంలోని పల్లె. చుట్టూ కృష్ణ పడమటి డెల్టా మాగాణి, సార్వాలో వరి, వరి కోసిన పొలంలో మినుము, పొలాల మధ్య కాలువలు. ఈ ప్రాంతపు చరిత్రను గూర్చి వ్రాసినవారు గుళ్ళను, శాసనాలను, తెనాలి నాటక సమాజాలను, పద్యాలను గూర్చి విస్తారంగా వ్రాశారు. ఇక్కడి మనుషుల నెత్తుటిలో ప్రవహించే కొవ్వుకు కూడా ఒక చరిత్ర ఉన్నది. దానిని వ్రాసిపెట్టినవారు తక్కువ. ఆ చరిత్రలో మనం తినే బియ్యం ఉన్నది. బియ్యం మీద పెరిగిన ఒక బూజు ఉన్నది. నందివెలుగుకు అట్టే దూరం కాని తాడేపల్లిలో పుట్టిన ఒక రసాయనవేత్త ఉన్నాడు. ఈ మూడింటినీ ఒకచోట చేర్చి చూస్తే తేలేది ఒక్కటే: గుండెను కాపాడే మందు మన గడప దాకా వచ్చింది, గడప దాటించి రోజూ నోట వేసుకోవటం దగ్గర కథ ఆగిపోయింది.

మొదట ఆకలి సంగతి చెప్పుకోవాలి. 1832-33లో గుంటూరు సీమను పట్టి కుదిపిన కరువును నందన కరువు అంటారు, అది నందన నామ సంవత్సరం కాబట్టి. డొక్కల కరువు అన్న పేరు కూడా ఉన్నది. లక్షకు పైగా జనం నశించారు. కృష్ణ నిండుగా పారి సముద్రంలో కలిసిపోతున్నా పక్కనున్న పొలం ఎండిపోయే రోజులవి. ఆ తరువాత ఇరవై ఏళ్ళకు, 1852లో, బెజవాడ దగ్గర ఆనకట్ట పని మొదలై 1855లో ముగిసింది. ఆలోచన సర్ ఆర్థర్ కాటన్‌ది, దగ్గరుండి కట్టించినవాడు కెప్టెన్ చార్లెస్ ఆర్. ఆనకట్ట నుంచి పడమటి వైపు తీసిన కాలువలు తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతాలను వరి చేలుగా మార్చాయి. జొన్నన్నం, వరిగన్నం తిన్న ఇళ్ళలో వరి అన్నం నిత్యమయింది. కరువును చూసిన జాతికి తెల్లని అన్నం మీద పేరిన నెయ్యి కేవలం రుచి కాదు, అది భద్రతకు గుర్తు. పెళ్ళివిందులో నెయ్యి ధారగా పోసేవాని చేతిని చూసి ఆ ఇంటి స్థితిని కొలిచిన సమాజం మనది. ఈ మనస్తత్వాన్ని ఎగతాళి చేయటం తేలిక, కాని దాని వెనుక ఆకలి ఉన్నదని మరువరాదు.

తరువాతి మార్పు మరలతో వచ్చింది. రోట్లో దంచిన దంపుడు బియ్యానికి తవుడు పొర కొంత మిగిలేది. మిల్లు వచ్చాక ఆ పొర పూర్తిగా పోయింది. తవుడు పశువులకు, తెల్లని గింజ మనకు. బాగా పాలిషు పట్టిన బియ్యపు ఆహారం ఎంత బలహీనమైనదో కూనూరులో సర్ రాబర్ట్ మెకారిసన్ 1920ల నాటికే ఎలుకల మీద ప్రయోగాలతో చూపాడు. ఆయన 1918లో చిన్న గదిలో మొదలుపెట్టిన పరిశోధనశాలే పెరిగి పెద్దదై 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. అంటే తెల్ల బియ్యాన్ని గూర్చిన హెచ్చరిక అప్పటి మన రాజధానికే వచ్చి స్థిరపడినదన్నమాట. మన నాలుక మాత్రం సన్నబియ్యం వైపే మొగ్గింది. 1986లో బాపట్ల నుంచి విడుదలైన బీపీటీ 5204, అనగా సాంబ మసూరి, దేశమంతటా పేరు తెచ్చుకున్న వంగడం. బాపట్ల పేరులోని అక్షరాలే ఆ పేరులోనూ ఉన్నాయి. గర్వించదగిన విషయమే. అయితే ఆ అన్నం పళ్ళెంలో ఎంత కొండగా పోసుకుంటున్నామన్నది వంగడాన్ని కనిపెట్టినవారి తప్పు కాదు.

నెయ్యి కొనలేని ఇంటికి ఇంకొక వస్తువు వచ్చింది. నూనెలోకి హైడ్రోజను పంపి గట్టిపరచిన వనస్పతి 1937 నుంచి డాల్డా పేరుతో మన బజారుల్లో అమ్ముడుపోయింది. నేతిలాగానే పేరుతుంది, ధర తక్కువ, పాడుకాదు. మిఠాయి దుకాణాల వారికీ, పెళ్ళి వంటవాళ్ళకూ అది వరమయింది. ఆ గట్టిపరిచే పద్ధతిలోనే ట్రాన్స్ కొవ్వు పుడుతుందనీ, అది చెడు కొలెస్టరాల్‌ను పెంచి మంచిదాన్ని తగ్గిస్తుందనీ తేలటానికి అర్ధశతాబ్దం పట్టింది. దేశంలో నూనెలలో, వనస్పతిలో ట్రాన్స్ కొవ్వు రెండు శాతానికి మించరాదన్న నియమం 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. అప్పటికి మూడు తరాలు డాల్డా పూరీలు తినేశాయి.

ఇక కొలెస్టరాల్ అన్న మాటను చూద్దాం. ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రూల్ 1815లో పిత్తాశయపు రాళ్ళలోని మైనం వంటి పదార్థానికి గ్రీకు మాటలతో ఈ పేరు పెట్టాడు. కోలే అంటే పైత్యరసం, స్టెరియోస్ అంటే గట్టిది. అప్పటికి గుండెతో దానికి సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. 1910లో జర్మనీలో విందౌస్ అనే శాస్త్రజ్ఞుడు రోగగ్రస్తమైన బృహద్ధమని గోడలలో మామూలుకంటే ఎన్నో రెట్లు ఎక్కువ కొలెస్టరాల్ ఉందని కొలిచి చూపాడు. 1913లో రష్యాలో అనిచ్‌కోవ్ కుందేళ్ళకు నూనెలో కలిపిన కొలెస్టరాల్ మేపి, వాటి ధమనులలో మనిషికి వచ్చే మచ్చలవంటివే పుట్టించాడు. ఆకులు తినే కుందేలు మనిషికి పోలికేమిటని లోకం దాన్ని చాలాకాలం పట్టించుకోలేదు.

కొలెస్టరాల్ విషం కాదు. ప్రతి కణానికి గోడ కట్టేందుకు అది కావాలి. ఎక్కువ భాగాన్ని మన కాలేయమే తయారు చేసుకుంటుంది. చిక్కు దాని రవాణాలో ఉన్నది. కొవ్వు నీటిలో కలవదు, నెత్తురు ముఖ్యంగా నీరు. కాబట్టి కొవ్వు ఒంటరిగా ప్రయాణించలేదు. పూర్వం కొమ్మమూరు కాలువలో ధాన్యపు బస్తాలు పడవలెక్కి పోయినట్టు, మాంసకృత్తులతో చేసిన సూక్ష్మమైన పడవలలో కొలెస్టరాల్ తిరుగుతుంది. కాలేయం నుంచి సరుకును అవయవాలకు మోసేది ఎల్‌డీఎల్ పడవ. మిగిలిన సరుకును తిరిగి కాలేయానికి చేర్చేది హెచ్‌డీఎల్ పడవ. ట్రైగ్లిజరైడులు మరొక జాతి సరుకు, శరీరం దాచుకునే ఇంధనం. ఎల్‌డీఎల్ పడవలు అవసరానికి మించి తిరుగుతుంటే ఏమవుతుంది? కాలువ అడుగున పూడిక పేరినట్టు ధమని లోపల పైపైన పేరుతుందని చాలామంది ఊహ. అది సరికాదు. ఆ కొవ్వు గట్టు లోపలికే ఇంకుతుంది. గట్టు ఉబ్బుతుంది, లోపల కుళ్ళుతుంది, పైకి ఏమీ తెలియదు. ఒకనాడు గట్టుకు గండి పడుతుంది. ఆ గండిని పూడ్చబోయి నెత్తురు గడ్డకడుతుంది. ఆ గడ్డే కాలువను మూసివేస్తుంది. దానినే మనం గుండెపోటు అంటున్నాం. నిన్నటిదాకా చలాకీగా పొలానికి పోయివచ్చిన మనిషి అన్న మాటలో ఆశ్చర్యం లేదు, గండి పడేవరకు గట్టు గట్టులాగానే కనిపిస్తుంది.

1948లో అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరిలో 5,209 మంది స్త్రీపురుషులను ఏళ్ళ తరబడి పరీక్షిస్తూ పోయారు. కొలెస్టరాల్, రక్తపోటు, పొగతాగటం గుండెజబ్బును ముందుగా చెప్పగల గుర్తులని అక్కడే స్థిరపడింది. అయితే ఆ ఊరి జనం వెన్న, గొడ్డుమాంసం తినేవారు. వారి లెక్కను యథాతథంగా తెచ్చుకున్న మనం గుడ్డులోని పచ్చసొనను పారవేసి, మూడోమారు అన్నం వడ్డించుకున్నాం. 2014లో ప్రచురితమైన ఐసీఎంఆర్ అధ్యయనం తమిళనాడు, మహారాష్ట్ర, ఝార్ఖండ్, చండీగఢ్‌లలో జనం నెత్తుటి కొవ్వును కొలిచింది. మొత్తం కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నవారు సుమారు 14 శాతమే. ట్రైగ్లిజరైడులు ఎక్కువగా ఉన్నవారు సుమారు 30 శాతం. మంచి హెచ్‌డీఎల్ తక్కువగా ఉన్నవారు 72 శాతం. ఏదో ఒక లోపం ఉన్నవారు 79 శాతం. ఇది వెన్న తినే దేశపు చిత్రం కాదు. పుట్టుకతో వచ్చిన తత్త్వం కొంత, కదలని బ్రతుకు కొంత, పిండిపదార్థం మితిమీరటం కొంత. అవసరానికి మించి తిన్న అన్నాన్ని, చక్కెరను కాలేయం ట్రైగ్లిజరైడులుగా మార్చి నెత్తుటిలోకి పంపుతుంది. ట్రైగ్లిజరైడులు పెరిగినచోట హెచ్‌డీఎల్ తగ్గుతుంది, ఎల్‌డీఎల్ రేణువులు చిన్నవై, ఎక్కువై, మరింత హాని చేస్తాయి. నేతిగిన్నెను నిందించి అన్నపుగిన్నెను వదిలివేయటం మన డెల్టాలో జరిగిన పొరపాటు.

దాని మూల్యం వయసు రూపంలో చెల్లిస్తున్నాం. 52 దేశాలలో జరిగిన ఇంటర్‌హార్ట్ అధ్యయనంలో తొలి గుండెపోటు వచ్చిన దక్షిణాసియా వారి సగటు వయసు 53. మిగతా దేశాల వారిది దాదాపు 59. ఆ ఆరేళ్ళలో ఒక కూతురి పెళ్ళి, ఒక కొడుకు చదువు, ఒక అప్పు తీర్చటం ఉంటాయి. పల్లెలకు ఈ జబ్బు లేదన్న మాట కూడా చెల్లదు. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో ఏడాది కాలంలో సంభవించిన 1,354 మరణాలకు కారణాలు ఇంటింటికీ పోయి విచారించారు. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ఆరోగ్య అధ్యయనంగా పేరుపొందిన ఆ పనిలో తేలినది: గుండె, రక్తనాళాల జబ్బులవల్ల 32 శాతం, అంటువ్యాధులవల్ల 12 శాతం. గోదావరి డెల్టాకూ కృష్ణా డెల్టాకూ తిండిలోను, పంటలోను భేదం స్వల్పం. నందివెలుగు ఆ లెక్కకు వెలుపల ఉందని అనుకోవటానికి కారణం కనపడదు.

రోగం సంగతి ఇది. మందు సంగతి జపాను నుంచి మొదలవుతుంది, అక్కడా బియ్యంతోనే. ఉత్తర జపానులో ఒక రైతుకుటుంబంలో పుట్టిన అకిరా ఎండో సాంక్యో అనే మందుల కంపెనీలో పనిచేసేవాడు. బూజుల మీద ఆయనకు చిన్ననాటి నుంచి మక్కువ. కొలెస్టరాల్ తయారీని అడ్డగించే పదార్థాన్ని ఏదో ఒక బూజు తన ఆత్మరక్షణకై తయారు చేసుకొని ఉంటుందని ఆయన ఊహించాడు. 1971లో మొదలుపెట్టి వేలకొలది బూజులను ఒక్కొక్కటిగా పరీక్షించాడు. 1973లో క్యోటో నగరంలో ఒక ధాన్యపు దుకాణంలోని బియ్యం మీద దొరికిన నీలిఆకుపచ్చ బూజులో అది దొరికింది. ఆ బూజు పేరు పెనిసీలియం సిట్రినం, ఆ పదార్థం పేరు కాంపాక్టిన్. స్టాటిన్లు అని నేడు పిలిచే మందులన్నిటికీ అది ఆదిపురుషుడు. మన ఇళ్ళలో బియ్యానికి బూజు పడితే చెరిగి పారబోస్తాం. ఆయన దానిని దాచాడు.

అదే కాలంలో అమెరికాలోని డల్లస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ కాలేయకణం మీద ఎల్‌డీఎల్ పడవలు ఆగే రేవులున్నాయని కనుగొన్నారు. కొందరు పుట్టుకతోనే ఆ రేవులు లోపించి పుడతారు, వారికి బాల్యంలోనే గుండెపోటు రావచ్చు. కాలేయం తనంత తాను కొలెస్టరాల్ చేసుకోకుండా అడ్డుకుంటే, అది ఎక్కువ రేవులు కట్టుకొని నెత్తుటిలోని ఎల్‌డీఎల్ పడవలను లోపలికి లాక్కుంటుంది. స్టాటిన్ చేసే పని ఇదే. వారిద్దరికీ 1985లో నోబెల్ బహుమతి వచ్చింది. ఎండో మందుకు మాత్రం అడ్డంకి వచ్చింది. కుక్కల మీద ప్రయోగాలలో హాని కనిపించిందన్న అనుమానంతో 1980లో సాంక్యో కాంపాక్టిన్‌ను ఆపివేసింది. దాని చుట్టమైన లోవాస్టాటిన్‌ను మెర్క్ కంపెనీ జాగ్రత్తగా పరీక్షించి 1987లో అమెరికా అనుమతి పొందింది. అయినా కొలెస్టరాల్ తగ్గిస్తే ప్రాణం నిలుస్తుందా అన్న ప్రశ్న మిగిలే ఉన్నది. 1994లో స్కాండినేవియా దేశాల పరీక్ష ఆ ప్రశ్నకు జవాబు చెప్పింది. గుండెజబ్బు ఉన్న 4,444 మందిలో సగం మందికి సిమ్వాస్టాటిన్, సగం మందికి ఉత్తుత్తి బిళ్ళ. అయిదున్నర ఏళ్ళ సుమారు కాలంలో ఉత్తుత్తి బిళ్ళవారిలో 256 మంది, మందు వాడినవారిలో 182 మంది మరణించారు. మృతులలో తేడా 74 మంది.

ఇప్పుడు మన జిల్లాకు వద్దాం. కల్లం అంజిరెడ్డి తాడేపల్లిలో పసుపు పండించే రైతుకుటుంబంలో పుట్టాడు. గుంటూరు ఏసీ కళాశాలలో చదివి, బొంబాయిలో మందుల రసాయనశాస్త్రం నేర్చి, పూనాలోని జాతీయ రసాయనశాలలో 1969లో డాక్టరేటు పొందాడు. హైదరాబాదులో ప్రభుత్వ కర్మాగారమైన ఐడీపీఎల్‌లో కొన్నాళ్ళు పనిచేశాడు. 1970 నాటి పేటెంటు చట్టం మందుకు కాక, మందు తయారీ పద్ధతికి మాత్రమే హక్కునిచ్చింది. వేరొక పద్ధతిలో అదే మందు తయారు చేయగలవానికి అది తెరచిన తలుపు. 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించి ఆయన ఆ తలుపులోనుంచే ప్రవేశించాడు. ఐడీపీఎల్‌లో పనినేర్చినవారు ఎందరో ఇలాగే కంపెనీలు పెట్టగా హైదరాబాదు మందుల నగరమయింది. వేరొకరు కనిపెట్టిన మందును చవకగా చేయటంతో మాత్రం ఆయనకు తృప్తి కలుగలేదు. స్వంత మందు కనిపెట్టాలని 1990లలో పరిశోధనా సంస్థను నెలకొల్పాడు.

ఆ సంస్థలో పుట్టిన అణువులలో ఒకటి రాగాగ్లిటజార్. కణంలో చక్కెర వాడకాన్ని నడిపే గ్రాహకాన్ని, కొవ్వు వాడకాన్ని నడిపే గ్రాహకాన్ని రెండింటినీ ఒకేసారి మేల్కొలిపేట్టు దానిని తీర్చారు. మధుమేహం తగ్గాలి, దానితోపాటు ట్రైగ్లిజరైడులు దిగాలి, హెచ్‌డీఎల్ పెరగాలి. మన జనానికి ఉన్న జబ్బు ఆ రూపంలోదే అన్న సంగతి పైన చూశాం. 1998లో డెన్మార్కు కంపెనీ నోవో నార్డిస్క్ దాని హక్కులు తీసుకొని మనుషుల మీద పరీక్షలను చివరి దశ దాకా తీసుకుపోయింది. 2002 జూలైలో ఎలుకజాతి జంతువుల మూత్రాశయాలలో కంతులు కనపడగా పరీక్షలు ఆగిపోయాయి. కాంపాక్టిన్‌కు జరిగినదే దీనికీ జరిగింది. 2013లో అహమ్మదాబాదులో జైడస్ కంపెనీ కనిపెట్టిన సరోగ్లిటజార్ అదే తరహా మందుగా దేశంలో అనుమతి పొందింది. అంజిరెడ్డి ఆలోచన తప్పు కాదని ఆ మందు చూపుతున్నది, ఆయన అణువుకు మాత్రం ఆ అదృష్టం లేదు.

అయితే కొలెస్టరాల్ కథలో తెలుగువాడి చేతిముద్ర అక్కడితో చెరగలేదు. 2006 జూన్‌లో అమెరికాలో సిమ్వాస్టాటిన్ పేటెంటు ముగిసినప్పుడు, మెర్క్ తన మందును అనుమతితో కూడిన జెనరిక్‌గా అమ్మేందుకు డాక్టర్ రెడ్డీస్‌ను ఎంచుకున్నది. స్కాండినేవియాలో ప్రాణాలు నిలిపిన మందు అమెరికా దుకాణాలలో హైదరాబాదు కంపెనీ పేరుతో అమ్ముడుపోయింది. పేటెంట్లు ఒక్కొక్కటిగా తీరిపోయి, ఒకనాడు సంపన్నుల మందైన స్టాటిన్ ఇప్పుడు తెనాలి మందుల దుకాణంలోను, జనౌషధి కేంద్రంలోను సామాన్యునికి అందే ధరకు దొరుకుతున్నది.

దొరికితే చాలదు. 17 దేశాలలో లక్షన్నర మందికి పైగా జనాన్ని పరిశీలించిన ప్యూర్ అధ్యయనం 2011లో వెలువడింది. గుండెపోటో పక్షవాతమో ఒకసారి వచ్చినవారిలో స్టాటిన్ వాడుతున్నవారు ధనిక దేశాలలో 66.5 శాతం, భారతదేశం కూడా ఉన్న పేదదేశాల వర్గంలో 3.3 శాతం. వీరు జబ్బు లేనివారు కారు. ఒకసారి చావుతప్పి బయటపడినవారు. అప్పటికి నూరుమందిలో తొంభైఆరుగురికి పైగా ఆ బిళ్ళ వాడటం లేదు. మందు తయారు చేసే దేశంలోనే మందు వాడకపోవటం మన చరిత్రలోని విడ్డూరం.

ఎందుకిలా? డబ్బు ఒక కారణం. రోజుకు నాలుగైదు రకాల బిళ్ళలు గుర్తుపెట్టుకోవటం మరొకటి. ఒంట్లో బాగుంది కదా, ఇక మందెందుకు అన్న ఆలోచన అన్నిటికంటె పెద్దది. జ్వరం బిళ్ళను జ్వరం తగ్గేవరకు మింగటం మనకు అలవాటు. నెప్పి పెట్టని జబ్బుకు, వాడినా తేడా తెలియని మందును ఏళ్ళ తరబడి మింగటం అలవాటు లేదు. ఈ చిక్కుకు విరుగుడుగా పలు మందులను ఒకే బిళ్ళలో పెట్టే పాలీపిల్ ఆలోచన 2003 ప్రాంతంలో బ్రిటన్‌లో వినిపించింది. డాక్టర్ రెడ్డీస్ రెడ్ హార్ట్ పిల్ పేరుతో అటువంటి బిళ్ళను తయారు చేసింది. ఆస్పిరిన్, సిమ్వాస్టాటిన్, రక్తపోటుకు రెండు మందులు అందులో ఉన్నాయి. భారతదేశంలోను, ఐరోపాలోను కలిపి 2,004 మంది మీద దానిని పరీక్షించారు. ఆ పరీక్ష పేరు అంపైర్. ఉస్మానియా వైద్యకళాశాలలో చదివిన హృద్రోగ నిపుణుడు డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డి ఆ పరిశోధకులలో ఒకరు.

ఫలితాలు 2013 సెప్టెంబరులో వెలువడ్డాయి. విడివిడి మందులు వాడినవారిలో క్రమం తప్పనివారు 65 శాతం, ఒకే బిళ్ళ వాడినవారిలో 86 శాతం. అంతకుముందు మందులు సరిగా వాడనివారిని విడిగా చూస్తే తేడా ఇంకా పెద్దది, 23 శాతానికి ఎదురుగా 77 శాతం. ఎల్‌డీఎల్ తగ్గుదలలో రెండు వర్గాల తేడా నాలుగు మిల్లీగ్రాములే. అణువు కొత్తది కాదు, బలమైనది కాదు, మారినది అలవాటు మాత్రమే. అంజిరెడ్డి ఆ ఫలితాలను చూడలేదు. 2013 మార్చి 15న ఆయన కన్నుమూశాడు. మరణానంతరం వెలువడిన ఆయన ఆత్మకథకు అసంపూర్ణ కార్యక్రమం అని అర్థమిచ్చే పేరు పెట్టారు. 2022లో ఐరోపాలో జరిగిన మరొక పరీక్షలో, గుండెపోటు వచ్చినవారికి ఇటువంటి కలిపిన బిళ్ళ ఇస్తే మళ్ళీ వచ్చే ప్రమాదాలు 24 శాతం తగ్గాయి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పాలీపిల్‌ను అత్యవసర మందుల పట్టికలో చేర్చింది.

చరిత్ర ఇంతవరకు వచ్చింది. ఇక మన వంతు. లిపిడ్ ప్రొఫైల్ అనే రక్తపరీక్ష తెనాలి వంటి ఊళ్ళలో ఏ రక్తపరీక్ష కేంద్రంలోనైనా చేస్తారు. తండ్రికో అన్నకో చిన్న వయసులో గుండెపోటు వచ్చిన ఇంటివారు నలభై దాకా ఆగరాదు. కార్డియోలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం పరగడుపున ఉండనక్కరలేదు, మామూలుగా తిన్న తరువాత కూడా నెత్తురు ఇవ్వవచ్చు. ఎల్‌డీఎల్ సామాన్యులకు 100 లోపు, ప్రమాదం ఎక్కువగా ఉన్నవారికి 70 లోపు, ఇదివరకే గుండెపోటు వచ్చినవారి వంటి అతి ప్రమాదకర స్థితిలో ఉన్నవారికి 55 లోపు ఉండాలని ఆ పత్రం చెపుతున్నది. లైపోప్రోటీన్‌-ఏ అనే వంశపారంపర్యపు కొవ్వును జీవితంలో ఒక్కసారైనా కొలిపించుకోమనీ చెపుతున్నది. ఎల్‌డీఎల్ సుమారు 39 మిల్లీగ్రాములు తగ్గితే గుండెపోటు, పక్షవాతం వంటి పెద్ద ప్రమాదాలు దాదాపు అయిదింట ఒక వంతు తగ్గుతాయని స్టాటిన్ పరీక్షలన్నిటినీ కలిపి చూసిన లెక్క.

తిండి విషయంలో మన డెల్టా చేయవలసినది కష్టమైనది కాదు. అన్నం తగ్గించి పప్పు, ఆకుకూర, కాయగూర పెంచటం. మన పొలంలో పండే మినుము, పెసర మన పళ్ళెంలోనే ఎక్కువ పడటం. మరిగిన నూనెను మళ్ళీ మళ్ళీ మరిగించకపోవటం. బజారు మిఠాయిని పండుగకు పరిమితం చేయటం. పొగ మానటం, రోజూ నడవటం. సన్నబియ్యం విడువలేనివారికి బాపట్ల వంగడం నుంచే ఒక ఉపాయం వచ్చింది. హైదరాబాదులో సీసీఎంబీ, వరి పరిశోధన సంస్థ కలిసి 2008లో విడుదల చేసిన మెరుగుపరచిన సాంబ మసూరి రక్తంలో చక్కెరను నెమ్మదిగా పెంచే రకమని తరువాతి పరీక్షలు చూపాయి. అయితే అది కూడా కొండగా పోసుకుంటే బియ్యమే. ఎన్ని చేసినా కొందరికి తిండి ఒక్కటే చాలదు, కాలేయపు స్వభావం అటువంటిది. వారికి మందు కావాలి. స్టాటిన్‌తో కొందరికి కండరాల నొప్పులు రావచ్చు, కొద్దిమందికి చక్కెర స్వల్పంగా పెరగవచ్చు, గర్భిణులు సాధారణంగా వాడరు. అటువంటివి కనిపిస్తే వైద్యునికి చెప్పి మోతాదో మందో మార్పించుకోవాలి కాని, ఎవరో పంపిన సందేశం చదివి తమంతట తాము మానరాదు. రిపోర్టులో అంకె సరిగా వచ్చిందని మానటమూ అంతే. ఆ అంకెను సరిచేసినది ఆ బిళ్ళే.

ఆనకట్ట కట్టి నూట డెబ్భై ఏళ్ళయింది. అది ఒక్కసారి కట్టి వదిలివేసిన పని కాదని ఈ డెల్టాలో పుట్టినవారందరికీ తెలుసు. వేసవిలో కాలువలు కట్టివేస్తారు, పూడిక తీస్తారు, గట్లు బాగుచేస్తారు, మళ్ళీ నీరు వదులుతారు. ఒక ఏడు మానితే చివరి పొలానికి నీరందదు. గుండెకు పోయే కాలువలను అలా కట్టివేసి బాగుచేసుకునే వేసవి లేదు. నీరు పారుతూండగానే, ప్రతిరోజూ కొంచెం కొంచెంగా, గట్టును కాపాడుకోవాలి. ఎండో బూజులు వెదికాడు, అంజిరెడ్డి మందును చవకపరచాడు. బ్లాగ్మిత్రులారా, మీ ఇంట నాన్నగారి మందుల డబ్బాలో నెలకు ముప్పై బిళ్ళలు తగ్గుతున్నాయో లేదో లెక్కపెట్టటానికి శాస్త్రజ్ఞుడు అక్కరలేదు. ఈ ఆదివారం ఒక్కసారి చూడండి.